విడిచిన బట్ట, కుట్టిన బట్ట

బోరబండకు పాతబట్టలు రెండు దారుల వచ్చుచున్నవి. మొదటిది ఎఱ్ఱగడ్డ దారి. అచ్చట ఆదివారమునాడు రహదారి ప్రక్కన సాగు పాతవస్తువుల సంతలో ఇనుపసామాను, గడియారములు, చెప్పులు మొదలగువాని నడుమ చొక్కాలును లాగులును కుప్పలుగా పోసియుండును. బేరమాడి తెచ్చుకొనువారు తెచ్చుకొనుచుందురు. రెండవది కొలువు దారి. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు వెలసిన తరువాత మాదాపూరు రాతిగుట్టలు భవనములైనవి. బోరబండ రైలు స్టేషనునకు తరువాతి స్టేషను పేరే హైటెక్ సిటీ. ఆ ప్రాంతపు ఇండ్లలో అంట్లపనియు వంటపనియు చేయుటకై మన సైట్-1, సైట్-2, సైట్-3 లనుండి ఎందఱో తల్లులు ప్రతిదినమును పోవుచున్నారు. పండుగల ముందును, ఇల్లు మారునప్పుడును యజమానురాండ్రు వారిచేతి కొక సంచి నిత్తురు. అందులో ఆ యింటి పిల్లలు విడిచిన బట్టలుండును.

సంతలో కొనిన చొక్కాను తొడుగుకొనుటకు మన పిల్లలు అంతగా సంకోచింపరు. సంచిలో వచ్చిన చొక్కాను మాత్రము పెట్టె యడుగున దాచుదురు. బట్ట మంచిదే, చిరుగు లేదు, వెలయు నెక్కువదే. అయినను దాని నెఱిగినవా రెవరైన ఎదురుపడుదురేమో యని భయము. తల్లి "ఎంత బాగున్నదో చూడు, తొడుగుకో నాయనా" యనును. కుమారుడు వల దనును. ఈ చిన్న కలహము ఎన్ని యిండ్లలో జరుగుచున్నదో ఈ పత్రికను చదువు విద్యార్థులలో ననేకు లెఱుగుదురు. పెద్దలు దీనిని పొగరని యందురు. నే నట్లనుకొనను.

"విడిచిన బట్ట" యను మాటకు మన దేశమున నొక చరిత్ర కలదు. మనుస్మృతి పదవ అధ్యాయమున, సేవచేయు శూద్రునకు ఎంగిలి యన్నముతోపాటు పాతవస్త్రముల నీయవలెనని విధింపబడినది. చండాలురకు శవములపైని బట్టలే వస్త్రములని శాసింపబడినది. పల్లెలలో ఆసాముల పాత ధోవతులు పాలేరుల కీయబడుట మన తాతల యెఱుకలోని సంగతియే. ఎవడు ఎవని బట్ట తొడిగెనో ఊరంతయు నెఱుగును. ఆ యెఱుకయే ఒక సంకెల. 1927వ సంవత్సరాంతమున మహాడులో కూడిన స్త్రీలతో డాక్టరు అంబేద్కరుగారు మాటలాడుచు, కట్టును సొమ్ములును చూచి కులము నానవాలు పట్టుటకు వీలు లేకుండ మీ వేషమును మార్చుకొనుడని బోధించిరి. బట్ట చలినుండి కాపాడుటతో నూరకుండదు. తొడిగినవా డెవ్వడో వీధికి చాటును. కావున సంచిలోని చొక్కాను తొడుగనను బాలుడు పొగరుబోతు కాడు. తన ముత్తాత అనదలచి యనలేకపోయిన మాటను వాడు నేడు తల్లితో ననుచున్నాడు.

అట్లయిన ఆ బట్టను ఏమి చేయవలయును? పెట్టెలో మగ్గనిచ్చుటయా? స్టీలుగిన్నెల గంపతో వీధివీధి తిరుగువారికి వేసి ఒక గరిటె తీసికొనుటయా? నా యభిప్రాయ మిది: దానిని విప్పవలయును, కత్తిరింపవలయును, మరల కుట్టవలయును. చొక్కా చొక్కాగా నున్నంతవఱకు అది వేఱొకని చొక్కా. కుట్లు విప్పి చాపమీద పఱచిన పిమ్మట అది గుడ్డ మాత్రమే. దానికి యజమాని లేడు. మన కొలతలు తీసి, మన చేతులతో మరల కుట్టినది మన చొక్కా. అప్పుడు దాని నెవరైన గుర్తుపట్టినను "అవును, నేను కుట్టితిని" యని చెప్పుటకు నోరు వచ్చును. దానముగా వచ్చినదానిని పనిగా మార్చుట యిందులోని కీలకము.

ఇది క్రొత్త సంగతి కాదు. మనలో దాదాపు ప్రతివారును పుట్టినప్పుడు మొట్టమొదట తాకినది పాతబట్టయే. క్రొత్తగుడ్డ చంటిబిడ్డ మేనికి గఱుకుగా నుండునని అమ్మమ్మలు మెత్తబడిన నూలుచీరలను చించి దాచియుంచుదురు. ఆ బట్టను గూర్చి సిగ్గుపడినవా రెవ్వరును లేరు. అట్లే బొంత. అమ్మ చీర, నాయనమ్మ చీర, అత్త చీర పొరలు పొరలుగా పేర్చి, అంచునుండి అంచునకు దూరకుట్లు వేసిన బొంతను కప్పుకొని మనము చలికాలమంతయు నిద్రించుచున్నాము. చేయి పడినచో పాతబట్ట నీచత్వము పోవునని మన స్త్రీలు ఎన్నడో ఎఱిగినవారే.

మన వేదగ్రంథమున యొప్పే పట్టణపు దొర్కా కథ యున్నది. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు నెదుట నిలిచి ఏడ్చుచు ఆమె తమకు కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరని అపోస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఆమె తాను విడిచిన బట్టల నిచ్చెనని అందు లేదు. కుట్టెనని యున్నది. ఈ భేదమును మన ఆదివారపు బడులలో తఱచు దాటవేయుచున్నారు. మన కాలమున 1999లో ఢిల్లీలో అంశు గుప్తాగారు స్థాపించిన గూంజ్ సంస్థవారును ఈ సంగతిని వేఱొక రీతిని గ్రహించిరి. నగరముల పాతబట్టలను పల్లెలకు పంపునప్పుడు ఊరకే పంచిపెట్టక, ఆ యూరివారు తమకు కావలసిన బావినో బాటనో తామే శ్రమించి బాగుచేసికొనగా, ఆ శ్రమకు ప్రతిఫలముగా బట్టల నిత్తురు. ఈ సేవకు 2015వ సంవత్సరమున ఆయనకు మెగసెసే పురస్కారము లభించినది.

ఇక పనిమాట. మొదట బట్టను వెలుతురున కెత్తి చూడవలయును. చొక్కాకు మోచేతులును కాలరును, లాగునకు మోకాళ్లును పిఱుదులును ముందుగా అరుగును. అచ్చట పోగులు పలుచబడి జల్లెడలోనుండి వచ్చినట్లు వెలుగు వచ్చును. చొక్కాలో చిరకాలము నిలుచునది వీపు. లాగులో మోకాలి క్రిందిభాగము. కావున పెద్దవాని లాగును చిన్నవానికి నిక్కరుగా చేయదలచినప్పుడు, అందఱును చేయునట్లు మోకాలివద్ద కోసి పైభాగమును నిలుపుకొనుట తెలివి కాదు. అరిగినది ఆ పైభాగమే. క్రింది కాళ్ల గుడ్డతో చిన్ననిక్కరు కుట్టినచో రెండేండ్లు నిలుచును. నూలుచీర విషయమున నడుమభాగమును నేల రాయు అంచును చినుగును. నడుమున మొదటి చుట్టుగా లోపల దాగియుండు చెఱగు మాత్రము రంగు వెలియక గట్టిగా నుండును. పిల్లల లంగాకు దానినే తీయవలయును.

తరువాత గుడ్డ జాతిని తెలిసికొనవలయును. అంచునుండి ఒక పోగు లాగి అగ్గిపుల్లకు చూపినప్పుడు నూలైనచో కాగితమువలె కాలి బూడిద యగును. పాలియెస్టరైనచో కరగి గట్టిపూసవలె ముడుచుకొనును. ఇది పెద్దల యెదుట, నీళ్లచెంబును దగ్గఱ నుంచుకొని చేయదగిన పరీక్ష. నూలుబట్టను వేడినీట నానవేసి, ఉతికి, ఎండలో నారవేసి, ఇస్త్రీ చేసిన పిదపనే కత్తెర పట్టవలయును. సంతలో కొన్నదానికి ఇది ఆరోగ్యముకొఱకును తప్పదు. టీషర్టు వంటి సాగెడు గుడ్డ మొదటనే వలదు. అది క్రొత్తచేతికి లొంగదు, మిషను కుట్లను దాటవేయును. జీన్సు గుడ్డకు 16వ నంబరు సూది కావలయును, చిన్నసూది విఱుగును. జీన్సుతో మొదట పుస్తకముల సంచి కుట్టుట మేలు. కుట్టు వంకరపోయినను సంచి సంచియే.

కుట్లు విప్పుట విసుగుపని. అయినను నిజమైన గురువు అదియే. చొక్కాకు భుజముపట్టీ ఎట్లు పొదుగబడినదో, చేతికి వంపు ఏల కలదో విప్పినవానికే తెలియును. ఒక భేదము గమనింపదగినది. దర్జీ కుట్టిన బట్టలో ప్రక్కకుట్టు లోపల అంగుళ మంత గుడ్డ విడిచియుండును; పిల్లవాడు లావెక్కినచో వదులు చేసికొనవచ్చును. కర్మాగారపు బట్టలో గుడ్డ మిగుల్చుకొనుటకై అంచువఱకు కోసియుందురు. కావున రెడీమేడు చొక్కాను బిగువు చేయవచ్చును గాని వదులు చేయుటకు గుడ్డ దొరకదు. మేర కులమువారి దుకాణములలో పాతవారు ఈ లోపలి గుడ్డను నేటికిని విడుచుచున్నారు. అది వారి దూరదృష్టి. వెలపట్టికలో దానికి చోటు లేదు.

కాలరు అరిగిన చొక్కాను పాఱవేయువారు లెక్కకు మిక్కిలి. కాలరు మడత మీదనే యరుగును; దాని వెనుకవైపు చెక్కుచెదరదు. కాలరును మెడపట్టీనుండి విప్పి, త్రిప్పి, వెనుకవైపును ముందునకు తెచ్చి అదే గాడిలో మరల కుట్టినచో చొక్కాకు మఱల ఆయువు వచ్చును. చేతిసూదితోనైనను ఒక సాయంకాలపు పని యిది. రంగు వెలసిన గుడ్డకును ఇట్టి యుపాయము కలదు. లోపలివైపు ఎండ తగులక నిండురంగుతో నుండును. కుట్లన్నియు విప్పినవాడు లోపలిని వెలికి త్రిప్పి కుట్టుకొనవచ్చును. జేబు విప్పి చూచినచో ఆ చొక్కా అంగడిలో నున్ననాటి రంగు ఎట్లుండెనో తెలియును.

చెల్లెలికి గౌను కుట్టుటకు పెద్దవారి చొక్కాకంటె తగినది లేదు. గుండీలవైపును వెనుకకు త్రిప్పవలయును. అప్పుడు చొక్కా వీపు, అందులో మేలైన భాగము, గౌనునకు ముందుభాగ మగును. కాజాలు, గుండీలు సిద్ధముగా నున్నవి. క్రింది మడతయు సిద్ధముగా నున్నది. చేతులను తీసివేసి, మెడను బిడ్డ కొలతకు కోసి, నడుమున కుచ్చులు పట్టినచో చాలును. కాజా కుట్టుట కుట్టుపనిలో కష్టమైనది. దాని నెవరో మనకు ముందే చేసిపెట్టిరి. కత్తిరించునప్పుడు పడుగు నిలువుగా, పేక అడ్డముగా నుండునట్లు చూచుకొనవలయును. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగి, నాలుగు ఉతుకులకే ఒక ప్రక్క వ్రేలాడును.

మాసిక వేయుటను గూర్చి క్రీస్తుప్రభువే ఒక మాట చెప్పియున్నాడు. పాతబట్టకు క్రొత్తగుడ్డ మాసిక వేయరాదని మార్కు సువార్త రెండవ అధ్యాయమున నున్న ఉపమానమునకు మనవారు ఆత్మీయార్థములను విస్తారముగా చెప్పుదురు. నజరేతు ఇండ్లలో మాసిక లెట్లు వేయుచుండిరో ఎఱిగినవాని మాట అది యని నాకు తోచును. ఉతుకని క్రొత్తగుడ్డ మొదటి తడికి ముడుచుకొనును. పాతబట్ట అదివఱకే ముడుచుకొని యుండుటచే దానిని లాగి చించును. కావున మాసికగుడ్డను ముందుగా రెండు మూడు సారులు ఉతుకవలయును. అది చిరుగుకంటె అన్ని ప్రక్కలను అంగుళము పెద్దదిగా, లోపలివైపునుండి, పడుగు పడుగుతో కలియునట్లు వేయవలయును.

"ఒక జత కుట్టు కూలితో సంతలో రెండు చొక్కాలు వచ్చును గదా, ఇంత శ్రమ యేల?" యని యొకరు అడుగుదురు. లెక్క నిజమే. నేను ఈ పనిని పొదుపు పేరిట చెప్పుటలేదు. పొదుపే ప్రమాణమైనచో కర్మాగారమే గెలుచును. అయితే ఆ చౌకకు వెల చెల్లించువారు వేఱొకచోట నున్నారు. 2013వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని ఢాకా సమీపమున సావారులో రాణా ప్లాజా యను భవనము కూలి, అందు బట్టలు కుట్టుచున్న 1,100 మందికి పైగా మరణించిరి. గోడలలో పగుళ్లు ముందునాడే కనబడినవి; అయినను వారిని పనికి పిలిచిరి. ఒక్క నూలు టీషర్టు వెనుక సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చగునని ప్రపంచ వన్యప్రాణి నిధివారు లెక్కగట్టిరి. ప్రత్తి పండించు తెలంగాణమువారికి ఆ నీరు ఎవరి బావిలోనిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. కుట్టుపని యనగానే అది ఆడుపిల్లల మెడకే చుట్టుకొనుననియు, వంటకును నీళ్లకును తోడు ఇంకొక బరువగుననియు పలువురు తల్లులు చెప్పుదురు. దీనికి మన మిషను పాఠశాలలే కొంత బాధ్యత వహింపవలయును. పందొమ్మిదవ శతాబ్దమున పశ్చిమగోదావరి నర్సాపురములో మిషనరీలు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఆ లేసు సముద్రములు దాటినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. కాని 1982లో వెలువడిన మరియా మీస్ గారి గ్రంథమును చదివినచో అల్లినవారి స్థితి తెలియును. దినమునకు గంటలకొలది అల్లుచున్నను వారు పనివారుగా లెక్కకు రాలేదు. ఇంటిపట్టుననుండు గృహిణులు తీరికవేళ చేయు వ్యాపకముగా దానిని తలచిరి. వర్తకము పురుషుల చేతిలో నుండెను. అల్లినదాని కూలి అత్యల్పముగా నుండెను. మంచి యుద్దేశముతో నేర్పిన విద్య, ఒక్క స్త్రీలకే నేర్పుటచేత, చౌకవిద్య యైపోయినది.

మన వీధిలోను ఇదే వింత. దుకాణములో మిషను త్రొక్కువా డెక్కువగా పురుషుడు, అది వృత్తి. ఇంటిలో గుండీ కుట్టునది స్త్రీ. అది "ఏదో ఖాళీగా నున్నప్పటి పని". సూదికి లింగభేదము లేదని దుకాణమే చెప్పుచుండగా, ఇంటికి వచ్చునప్పటికి ఎట్లు వచ్చినదో తెలియదు. యంత్రముల వ్యామోహమును నిరసించిన గాంధీమహాత్ముడు 1924లో కుట్టుమిషనుకు మాత్రము మినహాయింపు నిచ్చెను. భార్య కుట్టుపనితో అలసిపోవుట చూడలేక సింగరు ఆ యంత్రమును కల్పించెనని ఆయన మెచ్చుకొనెను. కథ అందముగనే యున్నది. కాని భార్య శ్రమ తగ్గించుటకు యంత్రమును కనిపెట్టుటకంటె తానును ఒక చొక్కా కుట్టుట సులభము గదా!

కావున మన పాఠశాలలో ఆఱవ తరగతినుండి తొమ్మిదవ తరగతివఱకు వారమున కొక గంట కుట్టుపని నేర్పవలెననియు, అది బాలురకును బాలికలకును ఒకే గదిలో, ఒకే గంటలో నేర్పవలెననియు నా ప్రార్థన. బాలురకు ఆటస్థలము, బాలికలకు సూది యను పాత పంపకము మరల రాకూడదు. మొదటి సంవత్సరము మిషను అక్కఱలేదు: గుండీ కుట్టుట, అంచు మడిచి కుట్టుట, మాసిక, కచ్చాకుట్టు. రెండవ యేట సంచి, దిండుగలీబు, నాడా లంగా. మూడవ యేట విప్పి కుట్టుట. బయటను ఈ విద్యకు చోటు లేకపోలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు బడుల యూనిఫారముల కుట్టుపనిని మహిళాసంఘముల కప్పగించినది. మన వీధుల తల్లులలోను మిషను త్రొక్కువారున్నారు. వారిలో నొకరిని కూలి యిచ్చి గురువుగా పిలువవలయును. ఉచితముగా నేర్పుమని యడుగరాదు. నర్సాపురపు పొరపాటు అక్కడనే మొదలైనది.

మఱొక మాట యూనిఫారములను గూర్చి. ప్రతి వేసవికిని పొట్టివైన లాగులును బిగుతైన చొక్కాలును ఇండ్లలో మిగులుచున్నవి. ఏప్రిలు నెలలో వానిని పాఠశాలకు తెచ్చి యిచ్చుటకు అందఱిని కోరవలయును. పేదవారిని మాత్రమే కాదు, అందఱిని. పేర్లు వ్రాయరాదు. విప్పి, ఉతికి, కొలతలవారీగా మరల కుట్టి, జూనునందు బడి తెఱచునాటికి ఒక బల్లమీద పేర్చవలయును. ప్రతి విద్యార్థియు, వాడు ఎవరి కొడుకైనను, ఆ బల్లమీదినుండి ఒక్కటైనను తీసికొనవలెనని నియమ ముండవలయును. ఎవడు దానమునకు వచ్చెను, ఎవడు రాలేదు అను ప్రశ్నకే అప్పుడు తావుండదు. ఈ నియమము లేనిచో పథక మంతయు మరల ఆ సంచిగనే మాఱును. క్రొత్తగా కుట్టించు లాగులకు క్రింద రెండంగుళముల మడత విడువవలెనని దర్జీలకు ముందే చెప్పవలయును. ఎదుగు పిల్లవానికి ఆ రెండంగుళములు ఒక సంవత్సరము.

ఇందుకు కావలసినవి రెండు మిషనులు, ఆఱు కత్తెరలు, ఒక పెద్దబల్ల. పాత విద్యార్థులలో హైటెక్ సిటీ కొలువులలో నున్నవారు అవి సమకూర్చుట కష్టము కాదు. మిషను నెక్కడ నుంచవలెనని ఇదివఱకే నన్నొక రడిగిరి. ఉత్తరపు వసారాలో నుంచవలయును. అచ్చట దినమంతయు ఎండ పొడలేని వెలుతురుండును. నీలిరంగు గుడ్డపై నీలిదారముతో కుట్టిన కుట్టును విప్పువానికి అంతకంటె మంచిచోటు లేదు.